ఈ-పుస్తకానికి తాళం: ఎవరికి, ఎంతవరకు?

కడప ఎర్రముక్కపల్లెలో, సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి కూతవేటు దూరంలో, విశ్రాంత తెలుగు అధ్యాపకులు ఒకరు ఉంటారు. ఆ వీధిలో అందరికీ ఆయన ‘సార్’. శుక్లాల ఆపరేషన్ అయ్యాక అచ్చు పుస్తకం చదవడం కష్టమై టాబ్లెట్ కొనుక్కున్నారు. అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చన్న ఒక్క సుఖం కోసం మూడేళ్లలో పద్నాలుగు ఈ-పుస్తకాలు డబ్బు పెట్టి కొన్నారు. మొన్న ఉగాదికి ఇల్లు దులుపుతుంటే టాబ్లెట్ కిందపడి పగిలింది. కొత్తది తెచ్చుకుని అదే యాప్ పెట్టుకుంటే పుస్తకాల పేర్లు కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ తెరుచుకోవడం లేదు. ‘ఈ ఖాతాకు అనుమతించిన పరికరాల సంఖ్య పూర్తయింది’ అన్న సందేశం వస్తోంది.

నన్ను పిలిపించారు. గంటన్నర కూర్చుని లెక్క తేల్చాను. మనవడి ఫోను ఒకటి, కూతురి ల్యాప్‌టాప్ ఒకటి, మొరాయించినప్పుడల్లా మొత్తం చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టిన పాత టాబ్లెట్ మూడుసార్లు, మూడు వేర్వేరు పరికరాల కింద. ఖాతా తెరిచిన ఈమెయిల్ అల్లుడిది, దాని పాస్‌వర్డ్ ఆయనకే గుర్తులేదు. సార్ అంతా విని, ‘నాయనా, నా బీరువా తెరుచుకోవడానికి నేను ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?’ అని అడిగారు. ఆ రోజు బీరువా తెరుచుకోలేదు.

అదే వారంలో ప్రొద్దుటూరు నుంచి ఒక కథకుడు ఫోన్ చేశాడు. సొంత డబ్బుతో ఐదు వందల ప్రతులు వేయించుకుని, ఇంకా సగం అటక మీదే ఉన్న మనిషి. తన కథల పుస్తకం పీడీఎఫ్‌గా ఒక టెలిగ్రామ్ గుంపులో తిరుగుతోందట. ఎవరో అభిమాని దాన్ని తిరిగి ఆయనకే పంపి ‘చాలా బాగుంది’ అని మెచ్చుకున్నాడు. రెండో పుస్తకాన్ని ఈ-పుస్తకంగా తేవాలని అనుకుంటున్నాడు. ‘అన్నా, ఈసారి తాళం వేయిద్దామా, వద్దా?’ అన్నది ఆయన ప్రశ్న.

ఇద్దరి బాధా నిజమే. ఒకరికి చేసిన న్యాయం రెండోవారికి అన్యాయమయ్యేలా ఉంది. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఆ తాళం ఎలా పనిచేస్తుందో చూడాలి.

తాళం ఎలా పడుతుంది

ఈపబ్ అనే ఈ-పుస్తకం ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పి చూస్తే అధ్యాయానికొకటి చొప్పున వెబ్ పేజీలు, బొమ్మలు, ఫాంటు ఫైళ్లు ఉంటాయి. తాళం, అంటే డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్, పొట్టిగా డీఆర్‌ఎం, ఆ మూటలోని పాఠాన్ని ఎన్‌క్రిప్షన్‌తో గుర్తుపట్టలేనంతగా మార్చేస్తుంది. సరైన కీ ఉన్న యాప్ మాత్రమే దాన్ని తిరిగి అక్షరాలుగా మార్చి తెరమీద చూపిస్తుంది. ఆ కీని కొన్నవారి ఖాతాకో, వారి పరికరానికో, రెంటికీనో ముడివేస్తారు.

కొన్నవెంటనే మన చేతికి వచ్చేది ఒక్కోసారి పుస్తకం కూడా కాదు. చాలా అంగళ్లు, గ్రంథాలయాలు వాడే అడోబీ పద్ధతిలో మొదట దిగేది ఏసీఎస్‌ఎం అనే చిన్న ఫైలు. అది రేషన్ చీటీ లాంటిది, బియ్యం సంచి కాదు. ఆ చీటీని అడోబీ వారి యాప్‌లో తెరిస్తే, అది సర్వరును సంప్రదించి, అసలు పుస్తకాన్ని తాళంతో సహా దింపుతుంది. ఒక అడోబీ ఖాతాతో మామూలుగా ఆరు పరికరాల్లో తెరుచుకోవచ్చు. తెలుగు ఈ-పుస్తకాలను మొదట్లోనే అమ్మకానికి పెట్టిన కినిగె కూడా ఈ పద్ధతినే ఎంచుకుంది. అమెజాన్ వారి కిండిల్‌ది వేరే తాళం, ఆపిల్‌ది మరొకటి. ఒకచోట కొన్న పుస్తకం మరొకచోట తెరుచుకోదు. దొంగను ఆపడం కోసం పెట్టారని చెప్పే తాళం, కొనుగోలుదారుణ్ని ఒకే అంగడికి కట్టేసే పలుపుతాడుగా కూడా పనికొస్తుందన్నమాట. ఈ రెండో పని గురించి అమ్మేవారు ఎక్కువగా మాట్లాడరు.

ఇక లోపం చూద్దాం. బ్యాంకు లాకరుకు తాళం వేసినప్పుడు చెవి దొంగ దగ్గర ఉండదు. ఈ-పుస్తకం విషయంలో కొన్నదీ ఆయనే, అనుమానించేదీ ఆయన్నే. ఆయన చదవాలంటే కీ ఆయన యంత్రంలో ఏదో ఒక మూల ఉండి తీరాలి. కాబట్టి పట్టుదల, కాస్త నేర్పు ఉన్నవాడికి అది ఎప్పటికైనా దొరుకుతుంది. అందరూ తెరవనక్కర్లేదు, ఒక్కడు తెరిస్తే చాలు. ఆ తర్వాత తాళం లేని ప్రతే ఊరంతా తిరుగుతుంది. తమాషా ఏమిటంటే, డబ్బు పెట్టి కొన్న ప్రతి కన్నా ఆ దొంగ ప్రతితోనే హాయి: ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, ఎవరి పాస్‌వర్డూ అడగదు.

అలాగని తాళం ఎందుకూ పనికిరాదని నేను అనను. సాంకేతిక నిపుణులు కాని మామూలు మనుషులు, అంటే మనలో చాలామంది, కొన్న ఫైలును అలవాటుగా ఇంటి వాట్సాప్ గుంపులోకి తోసేయడాన్ని అది ఆపుతుంది. ప్రచురణకర్తల భయంలో సగం అదే, అది ఒట్టి భ్రమ కాదు. అయితే ప్రొద్దుటూరు కథకుడి పుస్తకం బయటికి పోయిన దారి చూడండి.

ఆ పీడీఎఫ్‌ను నేనూ తెరిచాను. ఫోను కెమెరాతో తీసిన పేజీలు. నడిమి మడత దగ్గర వరుసలు వంగిపోయాయి. ముప్పై ఏడో పేజీ అంచున ఎవరిదో బొటనవేలు. అది ఈ-పుస్తకమే కాదు, అచ్చు పుస్తకం. ఆయన పుస్తకానికి అప్పటికి ఈ-రూపమే లేదు. నాకు ఎదురైన తెలుగు దొంగ ప్రతుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే: గ్రంథాలయం ముద్ర కనిపించేవి, పక్క పేజీ నీడ పడినవి. ఈ-పుస్తకానికి ఎంత గట్టి తాళం వేసినా ఈ దారి మూతపడదు. వీధి తలుపుకు రెండు గడియలు బిగించి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు.

ఆ పీడీఎఫ్ మొదటి పేజీలో ఇంకో సంగతి ఉంది. నీలం సిరాతో ‘ప్రేమతో’ అని రాసి కింద కథకుడి సంతకం. ఆయన చేత్తో ఆయన బంధువుకు ఇచ్చిన ప్రతి అది. ఎవరికిచ్చాడో ఆ రాతను బట్టే తెలిసిపోయింది. ఫోన్ చేస్తే అవతలి మనిషి తడబడలేదు, దాచలేదు. ‘మంచి పుస్తకం కదా, నలుగురూ చదువుతారని పెట్టాను’ అన్నాడట. చెప్పాక తీసేశాడు. ఈ సంతకం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కొన్నామా, అద్దెకు తీసుకున్నామా

సార్ కోపం నిజానికి తాళం మీద కాదు, ‘కొనండి’ అన్న బొత్తాం మీద. బొత్తాం మీద కొనుగోలు అని ఉంటుంది, షరతుల్లో లైసెన్సు అని ఉంటుంది. అచ్చు పుస్తకం కొంటే చదివాక అమ్ముకోవచ్చు, చెల్లెలికి ఇవ్వొచ్చు, వీలునామాలో రాయవచ్చు. ఈ-పుస్తకానికి ఇవేవీ చెల్లవు. టామ్ కాబినెట్ అనే సంస్థ వాడిన ఈ-పుస్తకాలను తిరిగి అమ్మడం మొదలుపెడితే, హక్కుదారు అనుమతి లేకుండా అలా అమ్మకూడదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019 డిసెంబరులో తీర్పిచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా ఇంకో వైపు నుంచి వచ్చింది. ఇచ్చేది లైసెన్సే అయితే కొనేటప్పుడే ఆ మాట స్పష్టంగా చెప్పి తీరాలన్న చట్టం అక్కడ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర కూడా అంత మాత్రం నిజాయతీ ఉంటే సార్ బహుశా మోసపోయినట్టు బాధపడేవారు కాదు, ధర చూసి ఆలోచించుకునేవారు.

లైసెన్సు అన్న మాట ఎంత దూరం పోతుందో 2009 జులైలో లోకానికి తెలిసింది. జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు రెంటిని హక్కులు లేని సంస్థ ఒకటి కిండిల్ అంగట్లో అమ్మింది. సంగతి తెలిశాక అమెజాన్ ఆ పుస్తకాలను కొన్నవారి కిండిళ్లలోంచి దూరం నుంచే చెరిపేసింది, డబ్బు వాపసు ఇచ్చింది. చెరిపేసిన వాటిలో ఒకటి, పాత రాతలను ప్రభుత్వమే చెరిపేసే లోకాన్ని చూపిన ‘1984’ నవల కావడం మీద వ్యాఖ్య అవసరం లేదు. పాఠకులు మండిపడితే అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మైక్రోసాఫ్ట్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2019లో ఈ-పుస్తకాల అంగడి మూసేసింది. తాళాలు తెరిచే సర్వర్లు ఆగిపోవడంతో ఆ జులై నుంచి, కొన్న పుస్తకాలు కొన్నవారికే తెరుచుకోలేదు. అందరికీ డబ్బు తిరిగి ఇచ్చింది నిజమే. అయితే అన్ని అంగళ్లకూ మైక్రోసాఫ్ట్ అంత జేబు ఉండదు. చిన్న తెలుగు సంస్థ ఏదైనా రేపు మూతపడితే వాపసు ఇచ్చేదెవరు? మరీ ఈమధ్య, 2025 ఫిబ్రవరిలో, కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపుకుని తీగతో కిండిల్‌లోకి ఎక్కించుకునే సౌకర్యాన్ని అమెజాన్ ఎత్తేసింది.

ఇక్కడ నాకు పక్కింటి బ్రౌన్ గుర్తొస్తాడు. 1820లో కడపకు వచ్చిన ఆ దొర ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు, రాయసగాళ్లకు జీతాలిచ్చి, తాళపత్రాలను కాగితం మీదికి ఎక్కించే పని పెట్టాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్దించేవాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయంటే వెనుక ఇంత నకలు పని ఉంది. ఏ తాటాకు గ్రంథానికీ రెండో ప్రతి తీయకూడదని తాళం ఉండి ఉంటే చెదపురుగులే చివరి పాఠకులయ్యేవి. ఆ కవులు అమ్మకాల మీద బతికినవారు కాదు, ఈ కథకుడు అటక మీది ప్రతులు అమ్ముడుపోతే గానీ తేరుకోడు, కాబట్టి ఈ పోలికను మరీ సాగదీయను. ఒక్కటి మాత్రం గమనించాలి. మన దేశంలో రచయిత మరణించిన అరవై ఏళ్లకు కాపీరైటు తీరిపోతుంది. తాళానికి ఆ సంగతి తెలియదు. గడువు ముగిసిన రోజున అది తనంతట తాను ఊడిపోదు.

చట్టం ఏమంటుంది

1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఎ, 65బి అనే సెక్షన్లు వచ్చాయి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను తప్పించినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని 65ఎ చెబుతుంది. ఇందులో ‘ఉద్దేశంతో’ అన్న మాటే ప్రాణం. 1998లో వచ్చిన అమెరికా చట్టం తాళం తప్పించడాన్నే తప్పుగా చూస్తుంది. మినహాయింపులు కావాలంటే అక్కడ మూడేళ్లకోసారి అడుక్కోవాలి. మనది మనిషి మనసును కూడా చూస్తుంది, చట్టం నిషేధించని పనికోసమైతే ఈ సెక్షన్ అడ్డురాదని కూడా అంటుంది. అయితే ఆ పనిలో సాయపడినవాడు ఎవరికోసం, ఎందుకు చేశాడో పూర్తి వివరాలు రాసిపెట్టుకోవాలి. పైగా అంగడివారి షరతులు వేరు. వాటిని మీరితే ఖాతా మూసేయవచ్చు. అందుకే సార్ ‘ఆ తాళమేదో నువ్వే ఊడగొట్టకూడదా’ అన్నప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను.

చూపు లేనివారి సంగతి ఇంకా సున్నితం. అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేసుకునే హక్కును వారికి 2012 సవరణే ఇచ్చింది. అదే ఆశయంతో 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకన్నా ముందు, 2014లో ఆమోదించింది భారతదేశమే. కాగితం మీద ఇంత ఉదారంగా ఉన్నా, ఫోను చదివి వినిపించే సౌకర్యాన్ని కొన్ని తాళాలు అడ్డుకుంటాయి. బొమ్మల్లా తీసిన దొంగ పీడీఎఫ్ కూడా వారికి పనికిరాదు, అందులో అక్షరాలే ఉండవు కదా. చూపు లేని పాఠకుడు కొన్న ప్రతితోనూ నష్టపోతున్నాడు, దొంగ ప్రతితోనూ నష్టపోతున్నాడు.

తాళం వద్దంటే మరేం చేయాలి

మూడు దారులు ఉన్నాయి. మొదటిది ఏ తాళమూ వేయకపోవడం. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకాలు వేసే టార్ సంస్థ 2012లో తన ఈ-పుస్తకాలన్నిటికీ తాళాలు తీసేసింది. ఏడాది గడిచాక, దొంగ ప్రతులు చెప్పుకోదగినంతగా పెరిగినట్టు కనిపించలేదని ఆ సంస్థే ప్రకటించింది. పాటల సంగతీ అంతే. ఆపిల్ వారి పాటల అంగడి ఐట్యూన్స్‌లో 2009లో తాళాలు ఊడదీశాక సంగీత వ్యాపారం కూలిపోలేదు. అయినా టార్ అనుభవాన్ని తెచ్చి తెలుగుకు అతికించడానికి నాకు చేయి రాదు. వాళ్లకు కొని చదివే పాఠకులు లక్షల్లో ఉన్నారు. మనకు యాభై మంది కొనకపోయినా ప్రచురణకర్త వెన్ను విరుగుతుంది.

రెండోది సులువు తాళం. పారిస్‌లోని ఈడీఆర్‌ల్యాబ్ అనే సంస్థ చూసుకునే రీడియం ఎల్‌సీపీ అనే తాళం ఇలాంటిది. మూడో కంపెనీ దగ్గర ఖాతా అక్కర్లేదు. కొన్నప్పుడు ఇచ్చిన రహస్య పదబంధాన్ని ఒకసారి టైపు చేస్తే, ఆ పద్ధతి తెలిసిన ఏ యాప్‌లోనైనా పుస్తకం తెరుచుకుంటుంది. గడువు తేదీని లైసెన్సులోనే రాయవచ్చు. అందువల్ల అరువిచ్చే గ్రంథాలయాలకు ఇది బాగా కుదురుతుంది. పదిహేను రోజులకని తీసుకున్న పుస్తకం పదహారో రోజున మూతపడితే ఎవరూ నొచ్చుకోరు. ఇంకో లాభం, చదువరి మీద నిఘా తక్కువ. 2014లో అడోబీ యాప్ ఎవరు ఏ పుస్తకంలో ఏ పేజీ చదువుతున్నారో ఏ ముసుగూ లేకుండా తన సర్వరుకు పంపుతోందని బయటపడి పెద్ద రభసే అయింది. ఆ లోపాన్ని తర్వాత సరిచేశారు గానీ తాళం చెవి పక్కవాడి దగ్గర ఉంటే ఏమవుతుందో తెలిసింది.

మూడోది గుర్తు వేయడం. వాటర్‌మార్క్ అంటారు. ఫైలుకు తాళం ఉండదు, ఎక్కడైనా తెరుచుకుంటుంది, అయితే కొన్నవారి పేరో ఆర్డరు సంఖ్యో మొదటి పేజీలోనూ, అధ్యాయాల చివరా, కొన్నిసార్లు కంటికి కనిపించని చోట్లా ఉంటుంది. 2012లో హ్యారీ పాటర్ ఈ-పుస్తకాలను పాటర్‌మోర్ అనే వెబ్‌సైటు ఇలాగే గుర్తు వేసి అమ్మింది. ప్రొద్దుటూరు కథకుడి నీలం సిరా సంతకం చేసిన పని ఇదే. తాళం మనిషిని దొంగ అని అనుమానిస్తుంది. గుర్తు మాత్రం పేరు పెట్టి పిలుస్తుంది. మన పుస్తకాల అట్ట లోపల ‘ఈ పుస్తకం ఫలానావారిది’ అని రాసుకునే అలవాటుకు ఇది దగ్గరి చుట్టం.

గుర్తును చెరిపేయవచ్చు, నిజమే. ఇందులో చట్టపరమైన మెలిక కూడా ఉంది. రచన పేరు, రచయిత పేరు వంటి హక్కుల సమాచారాన్ని చెరిపేస్తే శిక్ష అని 65బి చెబుతుంది గానీ, వాడుకరి ఎవరో గుర్తించే ఏర్పాటు ఆ నిర్వచనంలోకి రాదని చట్టమే పక్కన పెట్టింది. చదువరి ఆంతరంగికతను కాపాడే ఆలోచన అందులో కనిపిస్తుంది, నాకు సబబుగానే తోస్తుంది. కాబట్టి గుర్తు బలం జైలు భయంలో లేదు, మొహమాటంలో ఉంది. చిన్న ఊళ్లలో మొహమాటం ఎంత గట్టి తాళమో కడపలో నాలుగు రోజులు ఉన్నవారికి చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ చూశాక నేను కథకుడికి చెప్పిందిది: అరువుకో అద్దెకో ఇచ్చేదానికి తాళం వెయ్యి, గడువు ముందే చెప్పు, ధర తగ్గించు. అమ్మేదానికి తాళం వద్దు, పేరు వెయ్యి. ఒకే వస్తువును అమ్మినట్టు ధర తీసుకుని అద్దెకిచ్చినట్టు కట్టడి చేయడమే అసలు పేచీ. రెంటినీ విడదీస్తే చాలావరకు తగవు తీరుతుంది. దొంగ ప్రతులతో పోటీకి నిలవాల్సింది తాళం కాదు, కొనడంలో సులువు. ఒక్క యూపీఐ చెల్లింపు, అరనిమిషంలో ఫైలు, ఖాతా గొడవ లేకుండా. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషలకు తలుపు తీస్తే వాటిలో తెలుగు లేదు. కొందామన్నా అంగట్లో దొరకని భాషలో పాఠకుణ్ని దొంగ అనడానికి ముందు కాస్త ఆలోచించాలి.

ఆయన ఒప్పుకున్నాడు, ఒక చిక్కు తప్ప. గుర్తులో కొన్నవారి ఫోను నంబరు కూడా వేద్దామన్నాడు, భయం ఉంటుందని. వద్దన్నాను. ఫోను పోగొట్టుకున్న పాఠకుడి ఫైలు బయటికి వెళితే ఆయన నంబరు ఊరంతా తిరుగుతుంది. మన పుస్తకం దొంగతనాన్ని ఆపబోయి పాఠకుడి గుట్టు రట్టు చేసినట్టవుతుంది. పేరు, ఆర్డరు సంఖ్య చాలనుకున్నాం. పేరుకు ముందు ‘ప్రేమతో’ అని ఉండాలన్న పట్టు మాత్రం ఆయన వదల్లేదు.

మొదటి నమూనా ప్రతిని సార్ పేరు మీద తయారుచేసి పంపించాం. కొత్త టాబ్లెట్‌లో ఒక్కసారికే తెరుచుకుంది. ఆ సాయంత్రమే కూతురి ల్యాప్‌టాప్‌లోకీ ఎక్కించుకున్నారు, ఎవరినీ అడగకుండా. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. గుర్తులో తన ఇంటిపేరులోని ఒత్తు పక్కకు జారి విడిగా పడిందట. అది ఫాంటు తప్పు, సరిచేయాలి. దాంతోపాటు కథల్లో దొర్లిన పదకొండు అచ్చుతప్పుల పట్టిక కూడా చదివి వినిపించారు, రాసుకోమని.